మంచి బోర్డో రెడ్ వైన్‌ సీసా తెరిచి, గాలి పట్టించి, రుచి చూడడం ఎలా?

"ఫ్రాన్స్ నుంచి వచ్చినవాళ్ళు మంచి రెడ్ వైన్ ఇచ్చారు, చాలా ఖరీదైనదట. తీరా తాగితే నాలుకంతా వగరు, గొంతులో మంట. ఇందులో గొప్పేముంది?" ఈ ప్రశ్న మళ్ళీ మళ్ళీ వస్తూనే ఉంది. చాలాసార్లు తప్పు వైన్‌ది కాదు. ముప్పై డిగ్రీల గదిలోంచి తీసి, అప్పటికప్పుడు మూత లాగి, చిన్న గ్లాసులో అంచుదాకా పోసి, పక్కన కారం వేపుడు పెట్టుకుంటే ఎంత గొప్ప సీసా అయినా అలాగే ఉంటుంది. ధర మన చేతిలో లేదు. వేడి, సమయం, పక్కన పెట్టుకునే తిండి మాత్రం మన చేతిలోనే ఉన్నాయి.

ఫ్రెంచ్ రెడ్ వైన్లు అన్నీ ఒకలాంటివి కావు. ఈ వ్యాసం బోర్డో ప్రాంతంలోని మెడోక్ వైన్ గురించి. ఇంటికి కానుకగా వచ్చేవాటిలో, విమానాశ్రయాల్లో కొనేవాటిలో బోర్డో తరచూ కనిపిస్తుంది. ఫ్రాన్స్‌లోనే మరో ప్రాంతమైన బూర్గోన్య్ (బర్గండీ) సీసాకు పద్ధతి కొంచెం వేరు, అది చివర్లో చెప్తాం.

బోర్డో అన్న పేరు తెలుగు రైతులకు కొత్త కాదు. మైలుతుత్తం, సున్నం కలిపి తోటలకు కొట్టే బోర్డో మిశ్రమం ఈ మెడోక్ ద్రాక్షతోటల్లోనే పుట్టింది. దారిన పోయేవాళ్ళు పళ్ళు తెంపకుండా రోడ్డు పక్క తీగలకు ఆ నీలిరంగు పూత పూసేవారు. పూసిన తీగలకు బూజు తెగులు రాకపోవడం గమనించిన మిల్లార్దే అనే ఆచార్యుడు 1885లో ఆ మందు సంగతి లోకానికి చెప్పాడు.

కావలసినవి

- 750 మి.లీ. సీసా ఒకటి. నలుగురైదుగురికి సరిపోతుంది. 13.5 శాతం ఆల్కహాల్ ఉన్న సీసాలో దాదాపు 80 గ్రాముల ఆల్కహాల్ ఉంటుంది, కాబట్టి ఇద్దరు కూర్చుని ఒక్క పూటలో ఖాళీ చేసే సరుకు కాదిది. తాగినవాళ్ళు బండి తీయకూడదు.
- కింద వెడల్పుగా, పైన కాస్త ముడుచుకున్న కాడ గ్లాసులు, 450 నుంచి 600 మి.లీ. పట్టేవి. రంగు, చెక్కడాలు లేని పల్చని గాజు కావాలి.
- రెండు మెట్ల కార్క్‌స్క్రూ. హోటల్ వెయిటర్ల జేబులో ఉండే మడత రకం ఇదే.
- సీసా ఇరవై ఏళ్ళు దాటినదైతే రెండు పల్చని రేకులుండే ఓపెనర్ కూడా.
- డికాంటర్, అంటే వైన్‌ని వంచి గాలి పట్టించే వెడల్పాటి గాజు పాత్ర. లేకపోతే లీటరున్నర పట్టే గాజు జగ్గు చాలు. ప్లాస్టిక్, ఇత్తడి, రాగి పాత్రలు వద్దు.
- వంటింట్లో వాడే పుల్ల థర్మామీటర్. అన్నిటికంటే చవక, అన్నిటికంటే ఉపయోగం.
- టార్చిలైటు, తెల్ల కాగితం, వాసన లేని నూలు గుడ్డ, తాగడానికి మామూలు నీళ్ళు, ఉప్పు లేని బ్రెడ్డు ముక్కలు.

1. ముందు లేబుల్ చదవండి

చూడాల్సినవి మూడు: ఊరి పేరు, సంవత్సరం, సీసాలో నింపిన చోటు.

ఊరి పేరు పోయాక్, మార్గో, సాంజూలియాన్, సాంతెస్తెఫ్ అని ఉంటే అది జిరోంద్ ఏటికి ఎడమ ఒడ్డున గులకరాళ్ళ నేలలో పండింది. ఇక్కడ పెత్తనం కాబెర్నే సోవిన్యోన్ ద్రాక్షది. చిన్న పండు, మందపు తొక్క, అందుకే వగరు ఎక్కువ. మెడోక్, ఓ-మెడోక్ అని ఉన్నా ఇదే కుటుంబం. సాంతెమిల్యోన్, పొమెరోల్ అని ఉంటే కుడివైపు ప్రాంతం. అక్కడ మెర్లో ద్రాక్ష ఎక్కువ. కాస్త మెత్తగా, కండగా ఉంటుంది, త్వరగా తాగడానికి వస్తుంది. ఉట్టి బోర్డో అని మాత్రమే ఉంటే రోజువారీ వైన్. దాచకుండా తాగేయండి.

"గ్రాన్ క్రూ క్లాసే ఆన్ 1855" అని మెడోక్ సీసా మీద ఉంటే, మూడో నెపోలియన్ కాలంలో పారిస్ ప్రదర్శన కోసం చేసిన అయిదు తరగతుల జాబితాలో ఆ తోట ఉందని అర్థం. ఆ జాబితా దాదాపు మారలేదు. 1973లో షాతో ముతోన్ రోత్‌షీల్డ్‌ని రెండో తరగతి నుంచి మొదటి తరగతికి ఎక్కించడం అందులో అరుదైన మార్పు. "గ్రాన్ వాన్ ద బోర్డో" అన్న మాటను మాత్రం చూసి మోసపోకండి. అది తరగతి కాదు, మామూలు సీసాల మీదా ఉంటుంది. "మి ఆన్ బుతేయ్ ఓ షాతో" అంటే షాతోలోనే, అంటే ఆ ద్రాక్షతోటలోనే, సీసాలో నింపారని.

సంవత్సరం అంటే పంట కోసిన ఏడు. 2005, 2010, 2016 గట్టి సంవత్సరాలు. ఆ ఏళ్ళ వర్గీకృత తోటల వైన్ పది పదిహేనేళ్ళయినా ఆగితేనే మెత్తబడుతుంది. 2009 ఎండ బాగా కాసిన ఏడు కాబట్టి ముందునుంచే పండు రుచి విప్పారి ఉంటుంది. 2013 వానలకు దెబ్బతిన్న బలహీనమైన పంట, దాచిపెట్టి లాభం లేదు. క్రూ బుర్జువా అన్నది 1855 జాబితాలో లేని మెడోక్ తోటలకిచ్చే గుర్తింపు. అలా రాసి ఉన్న సీసాలు అయిదు నుంచి పదేళ్ళ మధ్య బాగుంటాయి. మొదటిసారి ప్రయత్నిస్తున్నవాళ్ళు ఎనిమిదేళ్ళ వయసున్న మంచి క్రూ బుర్జువాతో మొదలుపెట్టడం మేలు. నాలుగేళ్ళ పోయాక్‌కి పెట్టే డబ్బులో సగంతో రెట్టింపు ఆనందం.

2. సీసా ఆరోగ్యం చూడండి

నిలబెట్టి వెలుతురుకి ఎదురుగా పట్టుకోండి. పదేళ్ళ లోపు సీసాలో వైన్ మెడ దాకా ఉండాలి. ఇరవై ముప్పై ఏళ్ళదైతే భుజం పైభాగానికి దిగినా ఫరవాలేదు. భుజం మధ్యకు దిగిపోయి ఉంటే గాలి చేరిందని అనుమానించాలి. మూత రేకు కింద జిగటగా కారిన మరక, కార్క్ పైకి పొడుచుకు రావడం, ఈ రెండూ ఎండదెబ్బ గుర్తులు. మే నెలలో విజయవాడలో కారు డిక్కీలో ఒక మధ్యాహ్నం ఉన్న సీసా అంటే ఇంతే. లోపల పండు రుచి ఉడికిన జామ్‌లా మారిపోతుంది, దాన్ని వెనక్కి తేలేం.

ఇంట్లో వైన్ ఫ్రిజ్ లేకపోతే మన ఊళ్ళలో సీసాని ఏళ్ళ తరబడి దాచే ఆలోచన మానుకోండి. దానికి ఏడాదంతా 12–14 డిగ్రీలు కావాలి. కొన్ని వారాల మాటైతే వంటింటి అలమర కంటే మామూలు ఫ్రిజ్‌లో కూరగాయల డ్రాయరే నయం. సీసాని పడుకోబెట్టండి, కార్క్ తడిగా ఉండాలి.

3. ముందురోజే నిలబెట్టండి

పదేళ్ళు దాటిన వైన్‌లో అడుగున మడ్డి ఉంటుంది. రంగు పదార్థాలు, వగరు పదార్థాలు కలిసి పేరుకున్నది అది. ఆరోగ్యానికి హాని లేదు, కానీ నోట్లో ఇసుకలా చేదుగా తగులుతుంది. తెరవడానికి కనీసం 24 గంటల ముందు సీసాని నిటారుగా నిలబెడితే మడ్డి అడుక్కి చేరుతుంది. పాతికేళ్ళు దాటినదైతే రెండు రోజులు ఇవ్వండి. కార్క్ అడుగున మెరిసే చిన్న స్ఫటికాలు కనిపిస్తే అవి గాజు పెంకులు కావు. ద్రాక్షలోని టార్టారిక్ ఆమ్లం నుంచి వచ్చినవే.

4. 17 డిగ్రీలకు తీసుకురండి

ఎక్కువమంది పప్పులో కాలేసేది ఇక్కడే. "రెడ్ వైన్ గది వేడిలో తాగాలి" అన్న మాట పాత ఫ్రెంచ్ రాతి ఇళ్ళలో పుట్టింది. ఆ గదుల్లో 16, 17 డిగ్రీలు ఉండేది. హైదరాబాద్‌లో ఫ్యాన్ కింద గదిలో 30 ఉంటుంది. 20 డిగ్రీలు దాటితే ఆల్కహాల్ ఘాటే ముందు ముక్కుకి తగులుతుంది, మిగతా వాసనలన్నీ దాని వెనక్కి పోతాయి. 14 కంటే తగ్గితే వాసన ముడుచుకుపోయి వగరు గరుకుగా తేలుతుంది. మెడోక్‌కి 16–18 మధ్య సరైనది.

30 డిగ్రీల సీసాని దించడానికి రెండు దారులు:

- ఫ్రిజ్‌లో గంట నుంచి గంటన్నర.
- సగం ఐసు, సగం నీళ్ళున్న బకెట్లో మెడ దాకా ముంచి 12–15 నిమిషాలు. ఉట్టి ఐసులో పెడితే త్వరగా చల్లబడదు, నీళ్ళు ఉంటేనే చలి సీసాకి అంటుతుంది.

ఫ్రీజర్‌లో పెట్టి మర్చిపోకండి, కార్క్ పైకి తన్నుకొస్తుంది. ఏసీ లేని గదిలో తాగుతున్నట్లయితే 15 డిగ్రీలకే దించండి, గ్లాసులో పోశాక కొన్ని నిమిషాల్లోనే పైకి పాకుతుంది. పాత సీసాని మాత్రం బకెట్లోనైనా నిలువుగానే ఉంచాలి, కదిపితే మూడో మెట్టు వృథా.

పరీక్ష: గ్లాసులో కొద్దిగా పోసి థర్మామీటర్ పుల్ల ముంచండి. వేలితో సీసా తాకి అంచనా వేయడం నమ్మకమైన పద్ధతి కాదు.

5. గ్లాసు వాసన చూడండి

ఖాళీ గ్లాసులో ముక్కు పెట్టి పీల్చండి. గిన్నెల సబ్బు, చెక్క అలమర, మడతపెట్టిన తువ్వాలు, ఏ వాసనా రాకూడదు. వస్తే వేడి నీళ్ళతో కడిగి, బోర్లించకుండా ఆరనివ్వండి. బోర్లిస్తే పాత గాలి లోపలే ఉండిపోతుంది. ఆఖరున ఒక చెంచాడు వైన్ పోసి గ్లాసంతా తిప్పి పారబోయండి. వైన్ బాగాలేదన్న ఫిర్యాదులు కొన్ని నిజానికి గ్లాసు వాసన మీద ఫిర్యాదులు.

6. కార్క్ తీయండి

మూత రేకుని సీసా మూతి కింది అంచుకి దిగువన కోయండి, పై అంచు దగ్గర కాదు. పోసేటప్పుడు వైన్ రేకుకి తగలకూడదు. రేకు కింద నల్లని బూజు కనిపిస్తే కంగారుపడకండి, తేమగా ఉన్న నేలమాళిగల్లో అది మామూలే. తడి గుడ్డతో తుడవండి.

స్క్రూ మొనని సరిగ్గా మధ్యలో నిలువుగా గుచ్చి, సీసా తిప్పకుండా స్క్రూనే తిప్పండి. ఒక చుట్టు బయట మిగిలేదాకా దించితే చాలు. మొదటి మెట్టు మూతి అంచుకి ఆనించి సగం లాగి, రెండో మెట్టుకి మార్చి మిగతాది లాగండి. చివరి అర అంగుళం చేత్తో మెల్లగా తీయండి, టప్‌మన్న శబ్దం రానక్కర్లేదు.

పాత కార్క్ పొడి పొడిగా ఉంటే స్క్రూ దిగేకొద్దీ ముక్కలవుతుంది. అప్పుడు రెండు రేకుల ఓపెనర్ వాడండి. పొడుగు రేకుని ముందు దించి, అటూ ఇటూ ఊపుతూ రెండూ పూర్తిగా దిగాక, తిప్పుతూ పైకి లాగాలి. అయినా విరిగితే మిగిలిన ముక్కని లోపలికి తోసేసి, వేడి నీళ్ళలో కడిగి ఆరబెట్టిన పల్చని మల్లు గుడ్డలోంచి వడకట్టండి. వైన్‌కి ఏమీ కాదు.

కార్క్‌ని వాసన చూడడం కంటే చదవడం ఉపయోగం. మంచి షాతోలు తమ పేరు, సంవత్సరం కార్క్ మీద ముద్ర వేస్తాయి. అది లేబుల్‌తో కలవాలి.

7. మొదట రెండు చెంచాలు పోసి, చెడిందో లేదో తేల్చుకోండి

డికాంటర్లోకి వంచే ముందు ఇది తప్పనిసరి. గ్లాసులో కొద్దిగా పోసి వాసన చూడండి.

తడిసిన అట్టపెట్టె, వానకి నానిన గోనెసంచి వాసన వచ్చి పండు వాసన అసలు తెలియకపోతే కార్క్ దోషం. కార్క్‌లో పుట్టిన ట్రైక్లోరోఅనిసోల్ అనే పదార్థం దీనికి కారణం. మనిషికి హాని లేదు, వైన్‌కి మాత్రం మందు లేదు. కుళ్ళిన గుడ్డు, అప్పుడే గీసిన అగ్గిపుల్ల వాసన వస్తే గాలి తగలక పుట్టిన గంధకపు వాసన అది. దీనికి మందు ఉంది.

ఈ రెండిట్లో ఏదో తెలియకపోతే గ్లాసుని పదిహేను నిమిషాలు వదిలేసి మళ్ళీ చూడండి. గంధకం వాసన తగ్గుతూ పోతుంది. అట్టపెట్టె వాసన పోదు, వైన్ వెచ్చబడేకొద్దీ ఇంకా తేలుతుంది. గంధకం మొండిగా ఉంటే బాగా తోమి కడిగిన రాగి చెంచాతో ఆ ఒక్క గ్లాసుని కొన్ని క్షణాలు కలిపి చూడండి. రాగి ఆ పదార్థాన్ని పట్టేసుకుంటుంది. వాసన మారిందంటే మీ అనుమానం నిజం, మిగతా సీసాని డికాంటర్లో పోసి గాలి పట్టిస్తే సరిపోతుంది. అంతేకానీ వైన్‌ని రాగి చెంబులో పోసి ఉంచకండి, పులుపుకి రాగి కరుగుతుంది.

గోళ్ళ రంగు తుడిచే ద్రవం వాసన గుప్పున వస్తే సిర్కా (వెనిగర్) వైపు తిరిగిందని. నలిగిన ఆపిల్ వాసన, వయసుకి మించిన గోధుమ రంగు కలిసి కనిపిస్తే గాలి చేరి చచ్చిందని. గుర్రపుశాల వాసన బ్రెటనోమైసిస్ అనే ఈస్టు పని. కొద్దిగా ఉంటే ఇష్టపడేవాళ్ళూ ఉన్నారు, పండుని మింగేసేంత ఉంటే దోషమే.

కొన్న దుకాణానికి తిరిగివ్వాలంటే వైన్ సీసాలోనే ఉండాలి. ఖాళీ సీసా తీసుకెళ్తే ఎవరూ మార్చరు.

8. గాలి పట్టించండి, వయసుని బట్టి

మూత తీసి సీసాని అలాగే రెండు గంటలు పెడితే గాలి పట్టదు. మెడలో గాలి తగిలే చోటు రూపాయి బిళ్ళంత. డికాంటర్లోకి వంచాల్సిందే.

- పదేళ్ళ లోపు గట్టి మెడోక్: ఎత్తు నుంచి ధారగా వంచి రెండు మూడు గంటలు. ఇక్కడ మొరటుగా వంచినా మంచిదే.
- పది నుంచి ఇరవై ఏళ్ళు: మెల్లగా వంచి అరగంట నుంచి గంట.
- పాతికేళ్ళు దాటినది: తాగే ముందు మాత్రమే, మడ్డి తీయడం కోసమే. ముసలి వైన్ వాసన అరగంటలో ఎగిరిపోవచ్చు.

బోర్డో వైన్ శాస్త్రాన్ని మార్చిన ఎమీల్ పేనో, ముందుగా గంటల తరబడి డికాంటర్లో పెట్టడం వాసనని చెదరగొడుతుందనీ, మడ్డి ఉంటేనే, అదీ వడ్డించే ముందే వంచాలనీ వాదించాడు. ముసలి సీసాల విషయంలో ఆయన మాటే మాట. కుర్ర మెడోక్ విషయంలో మాత్రం గాలి వగరుని సర్దుతుందని చాలామంది నమ్మకం, మా సలహా కూడా అదే. సందేహం ఉంటే సగం సీసా డికాంటర్లో పోసి, సగం అలాగే ఉంచి, గంట తర్వాత రెండూ పక్కపక్కన చూడండి. మీ నాలుకే తీర్పు చెప్తుంది.

మడ్డి ఉన్న సీసా వంచే తీరు: మెడ కింద టార్చి వెలిగించి పెట్టుకోండి. సీసాని మెల్లగా వంచి, మధ్యలో ఆపకుండా, వెనక్కి నిలబెట్టకుండా సన్నని ధారగా ఒకటి రెండు నిమిషాలు పోయండి. ఆపితే వెనక్కి ఊగిన అల మడ్డిని లేపుతుంది. బోర్డో సీసాకి ఎత్తు భుజాలు ఉండడం ఇక్కడ కలిసొస్తుంది, మడ్డి అక్కడ ఆగుతుంది. మెడలోకి పొగలాంటి సన్నని నల్లగీత రాగానే ఆపేయండి. 40–50 మి.లీ. అడుగున మిగిలిపోతుంది, దానికి ఆశపడితే పైదంతా పాడవుతుంది.

9. చూడండి, పీల్చండి, తాగండి

గ్లాసులో 100 మి.లీ. మించకూడదు. గ్లాసు బొజ్జ బాగా వెడల్పయ్యే చోటు దాకా అన్నమాట. పైన ఖాళీ ఉంటేనే వాసన నిలుస్తుంది. కాడ పట్టుకోండి, బొజ్జ పట్టుకుంటే అరచేతి వేడి ఎక్కుతుంది.

తెల్ల కాగితం మీద గ్లాసు వంచి అంచు రంగు చూడండి. కుర్ర వైన్ అంచు ఊదా ఎరుపు, నేరేడు రసంలా. పదిహేనేళ్ళకి ఇటుక రంగు, ముసలిదైతే అంచు నారింజ. లేబుల్ మీద సంవత్సరానికీ ఈ రంగుకీ పొత్తు కుదరాలి. అయిదేళ్ళ వైన్ ఇటుక రంగులో ఉంటే ఎక్కడో ఎండకి గురైంది. గ్లాసు గోడల మీద కారే చారలు ఆల్కహాల్ వల్ల వచ్చేవి, వాటికీ నాణ్యతకీ సంబంధం లేదు.

ముందు కదపకుండా ఒకసారి పీల్చండి. తర్వాత బల్ల మీదే గ్లాసుని మూడు నాలుగు చుట్లు తిప్పి మళ్ళీ పీల్చండి. పొడుగ్గా కాదు, చిన్న చిన్నగా. కుర్ర మెడోక్‌లో నల్లని పళ్ళ వాసన, పెన్సిల్ చెక్కినప్పటి చెక్క, ఓక్ పీపా నుంచి వచ్చిన కాల్చిన వాసన దొరుకుతాయి. వయసు మీరిన దానిలో తోలు, పుట్టగొడుగు, వాన పడ్డ తోటలో నానిన ఆకులు, పొగాకు. బేర్నులో ఆరబెట్టిన వర్జీనియా పొగాకు వాసన తెలిసిన ప్రకాశం, గుంటూరు జిల్లాలవాళ్ళకి ఈ చివరిది అందరికంటే ముందు దొరుకుతుంది. ఎవరో రాసిన పళ్ళ జాబితా మీకు తగలకపోతే ఏమీ లోటు కాదు. మీకు తోచిన మాట కాగితం మీద రాసుకోండి.

ఇప్పుడు ఒక గుటకెడు, 10–15 మి.లీ., నోట్లోకి తీసుకుని వెంటనే మింగకండి. పెదవులు కొద్దిగా తెరిచి కాస్త గాలి లోపలికి లాగండి, చప్పుడైనా ఫరవాలేదు. అయిదారు క్షణాలు నోరంతా తిప్పి మింగండి. గమనించాల్సినవి:

పులుపు నాలుక పక్కల నీరూరిస్తుంది, అది ఉండాలి. వగరు చిగుళ్ళ మీద, బుగ్గల లోపల తెలుస్తుంది. జామపిందె కొరికినప్పటిలా నోరు పిడచకట్టుకుపోతే ఇంకా కుర్రది, లేదా గాలి చాలలేదు. అదే వగరు సన్నని ముఖమల్ మీద వేలు రాసినంత మెత్తగా, నోటినిండా సమానంగా పరుచుకుంటే పరిపక్వమైన మంచి మెడోక్ అదే. ఉమ్మిలోని ప్రోటీన్లని ఈ పదార్థాలు పట్టుకోవడం వల్లే నోరు ఎండినట్టవుతుంది.

మింగాక లెక్కపెట్టండి. రుచి ఎన్ని సెకన్లు నిలిచింది? ఫ్రెంచివాళ్ళు ఒక్కో సెకనుని ఒక కొదాలీ అంటారు. మూడు నాలుగుకి ఆగిపోతే మామూలు వైన్. పది దాటి, ఆ చివర కూడా చేదు కాకుండా పండు, చెక్క వాసనలే మిగిలితే డబ్బుకి తగిన సీసా. ఆల్కహాల్ మంట నిలవడాన్ని ఈ లెక్కలో కలపకండి.

తర్వాత చేయాల్సింది ఆగడం. అదే గ్లాసుని పోసినప్పుడు, అరగంటకి, గంటకి, రెండు గంటలకి పీల్చి చూడండి. మొదట చెక్క వాసన తప్ప ఏమీ ఇవ్వని వైన్ గంటన్నర తర్వాత విచ్చుకుని పండు, పొగాకు, కొత్తగా ఇంకేదో ఇవ్వడం, ఇదీ బోర్డో అసలు ఆనందం. మొదటి పదినిమిషాల్లో సీసా ఖాళీ చేసినవాళ్ళకి ఇది ఎప్పటికీ తెలియదు.

10. పక్కన ఏం పెట్టుకోవాలి?

మాంసం ప్రోటీను, కొవ్వు, ఉప్పు వగరుని మెత్తబరుస్తాయి. పోయాక్ ఊరివాళ్ళు తమ ప్రాంతపు లేత గొర్రె మాంసంతో ఈ వైన్ తాగుతారు. బోర్డోలో ద్రాక్ష తీగల చితుకుల మీద కాల్చిన గొడ్డుమాంసం ముక్కకి ఉల్లి, ఎముక మజ్జ కలిపి వడ్డించడం పాత పద్ధతి. మన నల్లి బొక్క ఇష్టపడేవాళ్ళకి ఈ జోడీ చెప్పకుండానే అర్థమవుతుంది.

మన వంటల్లో బాగా కుదిరేవి: హైదరాబాదీ పత్తర్ కా గోష్త్, మిర్చి తగ్గించి మిరియాలతో చేసిన మటన్ వేపుడు, ఉప్పు మిరియాలతో కాల్చిన గొర్రె చాప్స్. శాకాహారులకి వెన్నలో వేయించిన పుట్టగొడుగులు, నిప్పుల మీద కాల్చిన వంకాయ, కోంతె, పాత గౌడా, పాత చెడ్డార్ లాంటి గట్టి ఛీజ్.

ఎండుమిర్చి కారం వద్దు. కారం, ఆల్కహాల్, వగరు మూడూ ఒకదాన్నొకటి రెచ్చగొట్టుకుంటాయి, నోట్లో మంట తప్ప ఏమీ మిగలదు. మిర్చి బజ్జీ, మసాలా పల్లీలు, ఆవకాయ ఈ సీసాకి శత్రువులు. గోంగూర, చింతపండు పులుసుల ముందు వైన్ పులుపు చప్పబడి నీళ్ళలా అనిపిస్తుంది. చేపతో వైన్‌లోని ఇనుము కలిసి లోహపు నీచు రుచి వస్తుంది. మిఠాయి తిన్న నోటితో తాగితే ఉత్త పులుపు, చేదు. ఈ వంటలన్నీ కడుపునిండా తినండి, వేరే పూట.

ఐసు ముక్క, సోడా, కూల్‌డ్రింక్ కలపకూడదు. వేడిగా ఉంటే సీసాని చల్లార్చండి, గ్లాసుని కాదు.

సీసా బూర్గోన్య్ అయితే

భుజాలు జారినట్టుండే సీసా, పినో నువార్ ద్రాక్ష. రంగు పల్చగా ఉంటుంది, అది లోపం కాదు. 15–16 డిగ్రీలకు దించండి, ఇంకా గుండ్రని పెద్ద బొజ్జ గ్లాసు వాడండి, డికాంటర్ వద్దు. దీని సొగసంతా సున్నితమైన వాసనలో ఉంది, మొరటుగా గాలి పట్టిస్తే జారిపోతుంది. కాల్చిన కోడి, పుట్టగొడుగులు చాలు.

11. మిగిలితే

కుర్ర వైన్ అయితే కార్క్ తిరిగి బిగించి ఫ్రిజ్‌లో నిలబెట్టండి, రెండు మూడు రోజులు బాగుంటుంది. ఇంకా మంచి పద్ధతి: తెరిచిన వెంటనే సగాన్ని కడిగి ఆరబెట్టిన 375 మి.లీ. సీసాలోకి అంచుదాకా నింపి మూత పెట్టేయడం. లోపల గాలికి చోటుండదు. తాగే ముందు బయట పెట్టి మళ్ళీ 17కి తెచ్చుకోండి. పాతికేళ్ళ వైన్ మాత్రం మర్నాటికి ఉండదు, దాన్ని తెరిచేటప్పుడే తాగేవాళ్ళని పిలుచుకోండి.

నాలుగో రోజుకి పండు వాసన తగ్గి పులుపు తేలిందంటే గ్లాసులోకి పనికిరాదు. పావు లీటరు దాకా ఉంటే సన్న సెగ మీద సగానికి మరిగించి, మటన్ వండిన గిన్నె అడుగున అంటుకున్న రసాన్ని దానితో గీకి, దించాక ఒక చెంచా వెన్న కలపండి. అట్టపెట్టె వాసన వచ్చిన సీసాని మాత్రం వంటకీ వాడకండి. మరిగించినా ఆ వాసన కూరలోకి వచ్చే ప్రమాదం ఉంది.